నా వంతు గంట

దర్జీ అక్క తలుపు దగ్గరగా లాగి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ గోడ గడియారాన్ని మేకు మీది నుంచి తీసి చంకలో పెట్టుకుంది, నా ఫోను అంతకుముందే లాక్కుంది, ఇక ఈ గదిలో నేను, మంచం, కిటికీకి వేసిన పాత తెర తప్ప ఏమీ లేవు. పడుకోమంది, పడుకున్నాను. పట్టపగలు, ఒంట్లో జ్వరం లేకుండా, అవతలి గదిలో మనుషులు మెలకువగా ఉండగా ఇలా వెల్లకిలా పడుకోవడం పురిటి రోజుల తర్వాత ఇదే మొదలు. ఇన్నేళ్ళ నుంచి ఈ గదిలో నిద్రపోతున్నాను గాని వెలుతురులో పైకప్పు ఎలా ఉంటుందో చూసిన గుర్తు లేదు. ఒక మూల సున్నం పొరలు లేచి ఉన్నాయి, ఇది ముందే చూసి ఉంటే చీపురుకు కర్ర కట్టి ఎప్పుడో దులిపేసేదాన్ని. ఆ మాట అనుకుంటుండగానే నా పాదాలు మంచం అంచు వైపు జరిగాయి, నేను వాటిని వెనక్కి లాక్కున్నాను. ఈ గంటసేపూ గడప దాటకూడదు. బయట ఏం వినబడినా లేవకూడదు. ఇల్లు అంటుకుంటే తప్ప వాళ్ళు నన్ను పిలవరు, నేను వాళ్ళను పిలవను. పొయ్యి, వీధి తలుపు, అత్తయ్య మంచినీళ్ళు, అత్తయ్య సణుగుడు, ఫోను, ఇవన్నీ ఈ గంటలో అక్కవి. నావి కానివంటూ ఈ ఇంట్లో కొన్ని ఉండడం వింతగా ఉంది, ఎవరి ఇంటికో వచ్చి వాళ్ళ పక్క మీద పడుకున్నట్టుంది.

ఫోను సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను, పైవాడి దగ్గర దాపరికం దేనికి. ఈ గంటలోనే హాస్పిటల్ నుంచి ఫోను వస్తుంది. నాకు తెలుసు, అక్కకు తెలియదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చేస్తామని, చేతి ఆపరేషనుకు వస్తారో రారో ఒక్క మాట చెప్పేస్తే చాలని, ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు కాబట్టి ఈసారి జవాబు లేకపోతే ఆ తేదీ వరసలో తర్వాత ఉన్నవాళ్ళకు వెళ్ళిపోతుందని, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తాము చెప్పలేమని అక్కడి గుమాస్తా అమ్మాయి మర్యాదగానే చెప్పింది. నీ గంట ఎప్పుడు పెట్టుకుంటావని అక్క అడిగినప్పుడు పొద్దున కుదరదు, సాయంత్రం కుదరదు, ఈ రోజు భోజనాలయ్యాకే కుదురుతుందని చెప్పింది నేనే. ఫోను మోగుతుంది, అక్క తీస్తుంది, ఆమె పడుకుంది, లేపడానికి వీల్లేదంటుంది, అక్కడితో తేదీ పోతుంది. అప్పుడు నేను చేతులు జోడించి, నీ చిత్తం ఇలా ఉందన్నమాట తండ్రీ అంటాను. ఎవరి తప్పూ ఉండదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. దైవేచ్ఛ అన్న మాట ఎంత పెద్ద దుప్పటో, దాని కింద ఎంతమందిమి ముడుచుకుని పడుకోవచ్చో. పొద్దున దీపం దగ్గర కూర్చున్నప్పుడు ఇదే అడిగాను, వేళ నేను కుదిర్చి, నువ్వు కుదిర్చావని చెబితే నీకు కోపం వస్తుందా అని. జవాబు రాలేదు. అంటే ఆయన చెప్పలేదని కాదు, నేనే ఆగలేదు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

కుడిచేతిని పొట్ట మీద పెట్టుకున్నాను. ఊపిరితో పాటు అది లేస్తోంది, దిగుతోంది, ఎవరో తెచ్చి అక్కడ పెట్టిపోయిన వస్తువులాగా. మణికట్టు ఈ రోజు మరీ ఉబ్బింది, చర్మం సాగి మెరుస్తోంది. కీళ్ళవాతం మా ఇంటికి చుట్టంలా వచ్చింది, చూసి పోతుందనుకుంటే కాపురం పెట్టింది. మాత్రలు వేసుకుంటాను, నెలనెలా రక్తం ఇచ్చి వస్తాను, చలికి ఒకలా వేడికి ఒకలా అది ఏం చెబితే అది వింటాను, అలా సర్దుకుపోయాం. ఇప్పుడు కొత్తగా పుట్టిన పేచీ ఏమిటంటే, మణికట్టు పక్కన ఎముక ఒకటి పైకి లేచి గరుకెక్కి, వేళ్ళను ఎత్తే తాళ్ళను రోజూ కొంచెం కొంచెం కోస్తోందట. చిటికెన వేలిది అరిగిపోవచ్చింది. అది తెగితే ఆ వేలు ఇక లేవదు, తర్వాత ఉంగరపు వేలి వంతు, ఆ తర్వాత నడిమి వేలిది. తెగకముందే ఎముకను సరిచేస్తే చేయి నిలుస్తుందని, తెగాక అతుకులు వేయాల్సి వస్తుందని, అతికిన చేయి అతికినట్టే ఉంటుందని డాక్టరు నా కళ్ళలోకి చూసి చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే కదా, తెలియనిదాన్ని కాను. దణ్ణం పెట్టుకునేటప్పుడు చూస్తాను, తొమ్మిది వేళ్ళు నిటారుగా నిలబడితే ఆ ఒక్కటీ తల దించుకుని ఉంటుంది. నాకంటే దానికే భక్తి ఎక్కువేమో.

కాని ఆపరేషనయ్యాక చేతికి కట్టు, ఆ కట్టు తీసేదాకా ఆ చేత్తో గ్లాసు కూడా ఎత్తకూడదు. అత్తయ్యను కుర్చీలోంచి లేపి బాత్రూముకు తీసుకెళ్ళాలంటే ఆమె చంకల కింద నా రెండు చేతులూ వెళ్ళాలి. మా ఆయన నీళ్ళ పంపుల దగ్గర పనిచేస్తారు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, ఇంటికొస్తే మనిషి గోడకు ఆనుకుని నిద్రపోతాడు. ఏం చేద్దామండీ అంటే నీ ఇష్టం అన్నారు. మంచివాడే. నీ ఇష్టం అన్న మాటను మించిన బరువు ఆడదాని నెత్తిన ఎవరూ పెట్టలేరని ఆయనకు తెలియదు, అంతే. అత్తయ్యను చూసుకునేవాళ్ళు లేరు అని మొదటిసారి చెప్పాను, రెండోసారీ అదే చెప్పాను. ఎంత గౌరవంగా వినిపించే మాటో అది. హాస్పిటల్లో కూడా పాపం అన్నారు.

పైగా ఒళ్ళు ఒళ్ళులా లేని కాలం ఇది. నెలసరి ఆగి సంవత్సరం దాటింది, పీడ పోయిందనుకున్నాను, అది వెళ్తూ వెళ్తూ ఇంటి తాళాలన్నీ పట్టుకుపోయింది. నిద్ర రాదు, వచ్చినా మధ్యలో ఎవరో మంట పెట్టినట్టు లేచి కూర్చుంటాను. చేతిలో గరిటె పట్టుకుని గరిటె వెతుకుతాను. ఒక రాత్రి చదివిన ప్రార్థనలో ఒక వాక్యం చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చినది, అక్కడికి రాగానే ఆగిపోయాను, తర్వాతి మాట ఎంత పిలిచినా రాలేదు, అప్పుడు మాత్రం భయం వేసింది. నొప్పికి వేయలేదు, వేడికి వేయలేదు, ఆ మాట రాకపోతే వేసింది.

ఈ భయాన్ని మొదట చెప్పింది దర్జీ అక్క కొట్లోనే. మెడ దగ్గర బిగుతుగా ఉంటోంది, కాస్త వెడల్పు చేసి పెట్టమని పాత బట్టలు పట్టుకెళ్ళాను. అక్క టేపు మెడలో వేసుకుని, ఒళ్ళు రాలేదు కదా, మెడ అదే కొలత కదా అంది. ఊపిరాడట్లేదక్కా అన్నాను. ఆమె నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, గోడకున్న కొక్కేల వైపు చూపించింది. వరసగా వేలాడుతున్నాయి బట్టలు, అన్నీ మెడ వెడల్పు చేయడానికి వచ్చినవే, అన్నీ మా ఈడు వాళ్ళవే. ఇది లెక్కల టీచరుది, ఇది బస్సు కండక్టరుది, ఇది నర్సమ్మది, ఇదిగో ఇది నాదే అంది. ఒక్కొక్కళ్ళూ వచ్చి చెవిలో చెప్పిపోతారు, ఒకళ్ళ సంగతి ఇంకొకళ్ళకు తెలియదు, దర్జీదాన్ని కాబట్టి అందరి సంగతీ నాకు తెలుసు, ఇదేం దొంగతనం చెల్లీ, మెడలు కోయించుకోవడానికి వచ్చినవాళ్ళంతా ఒక రోజు ఒకేసారి వచ్చి తీసుకుపొండి, అప్పుడిస్తాను బట్టలు అంది. ఇవ్వనంటే ఇవ్వదు ఆమె. అలా వెళ్ళాం. కుట్టుమిషన్ల మధ్య చోటు చాలక ఇస్త్రీ బల్ల మీద కూడా కూర్చున్నాం. ముందుగా కండక్టరే నోరు విప్పింది, బస్సులో టిక్కెట్లు కొడుతూ కొడుతూ ఒళ్ళు మండిపోయి కదిలే బస్సు ఆపించి దిగి రోడ్డు మీద నిలబడ్డానని, ప్రయాణికులంతా దేవుడి మొక్కేమో అనుకుని ఊరుకున్నారని చెప్పింది. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ రోజు నుంచీ మాది వెడల్పు మెడల జట్టు.

నర్సమ్మ రిటైరైన మనిషి, ఓపిగ్గా చెప్పేది. ఇది జబ్బు కాదని, కాని ఉన్న జబ్బుల మీద ఎక్కి కూర్చుంటుందని, టీచరు షుగరునూ నా కీళ్ళనూ కూడా కెలుకుతుందని, నడవాలని, గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టుకుని వేళ్ళు మెల్లగా కదపాలని, మధ్యాహ్నం కాసేపు ఒరగాలని, మరీ ఇబ్బందైతే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలని. అందరం బుద్ధిగా తలలూపాం. తర్వాతి వారం అడిగితే ఎవరూ ఏమీ చేయలేదు. చెయ్యాలని తెలియక కాదు నర్సమ్మా, చేసుకునే గంట ఎవరిస్తారు అని కండక్టరే అడిగింది. కుట్టుమిషను కింద కాలు ఆపి అక్క, నేనిస్తాను అంది. అంతే. అప్పటి నుంచి ఒకళ్ళ గంట ఇంకొకళ్ళు మోయడం. వాళ్ళింటికి వెళ్తాం, వాళ్ళ ఇల్లు మన నెత్తిన వేసుకుంటాం, ఆ మనిషి గదిలోనో వీధిలోనో తన ఒళ్ళు తాను చూసుకుంటుంది. నేను అందరికీ వెళ్ళాను. టీచరు నడకకు పోతే ఆమె కూర మాడకుండా చూశాను, కండక్టరు నిద్రపోతే ఆమె మనవరాలికి బొమ్మల పేర్లు చెప్పాను. నా వంతు వచ్చినప్పుడల్లా నాకేం అక్కర్లేదని పక్కవాళ్ళకు ఇచ్చేశాను. ఇచ్చే చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది కదా, పైన ఉండడం అలవాటైపోయింది. ఆ చేతికే ఇప్పుడు లేవడం కష్టమైంది, నాకు నవ్వొస్తోంది.

వంటింట్లో అక్క అడుగులు ఆగిపోయాయి. కుళాయి తిప్పి వెంటనే కట్టేసింది. అల్మారా తలుపు తెరిచింది, మూసింది. ఇంకొకటి తెరిచింది. నాకు తెలుసు ఏం చూస్తోందో, ఏమీ కనబడక చూస్తోంది. తెల్లవారకముందే లేచి రెండు పూటల వంటా చేసేశాను. గిన్నెలు తోమి బోర్లించాను, బట్టలు ఉతికి, పిండి, ఆరేసి, మడతలు పెట్టాను, నీళ్ళు నింపాను, రేపటికి కూరగాయలు కూడా తరిగి డబ్బాలో పెట్టాను. సాయానికి మనిషి వస్తోందంటే ఇల్లు అలా ఉంచుతామా, ఏమనుకుంటుంది. ఈ రోజు మణికట్టు ఇంతగా ఉబ్బిందంటే అందుకే. ఆ బట్టలు పిండినప్పుడు చిటికెన వేలి దగ్గర చిన్న దారం జారినట్టు అనిపించింది, ఆగి చూసుకున్నాను, వేలు ఇంకా కదిలింది, హమ్మయ్య అనుకుని మిగిలినవీ పిండేశాను.

“పెద్దమ్మా, నేను సాయానికొచ్చానా, తనిఖీకి వచ్చానా? పని లేదేంటి ఈ ఇంట్లో?” అని అక్క అడగడం గోడ ఇవతలికి స్పష్టంగా వినబడింది.

“నువ్వొస్తున్నావని పొద్దున నన్ను కూడా తోమేసింది,” అంది అత్తయ్య.

దుప్పటి నోట్లో కుక్కుకున్నాను, నవ్వు వినబడకూడదని. అత్తయ్య నాలుక అలాగే ఉంది, కాళ్ళే పోయాయి. ఆ తర్వాత ఒక్కసారిగా డబ్బాలు దించుతున్న చప్పుడు మొదలైంది, నా ఒంట్లో నవ్వంతా గడ్డకట్టింది. ఏ డబ్బా ఏదో చప్పుడును బట్టి చెప్పగలను. అది పంచదార, మూత వదులు. అది పిండి, పెద్దది, నేలకు తగిలితే గుమ్మంటుంది. నా అరలు కలిపేస్తోంది. ఎక్కడివక్కడ ఉంచి ఇన్నేళ్ళు కాపాడుకున్నవి, చీకట్లో చేయి పెట్టినా తగిలేవి, మతిమరుపు వచ్చాక నాకు మిగిలిన ఒక్క ఆధారం. లేచేశాను. కాలు గాలిన పిల్లిలా మంచానికీ తలుపుకీ మధ్య తిరిగాను. తలుపు గుండ్రటి పిడి మీద కుడిచేయి వేశాను, అది తిరగలేదు, ఎడమచేయి కూడా తెచ్చి దాని మీద వేశాను. అప్పుడే అక్క గొంతు, ఇంత బరువైనవన్నీ నెత్తి మీద అరలో పెట్టుకుంటే ఆ చేత్తో ఎలా దించుకుంటోంది ఈ పిచ్చిది, బరువువి కిందికి, తేలికవి పైకి, తర్వాత చూపిస్తానులే ఏవి ఎక్కడున్నాయో అని. నాకు చెప్పడం లేదు, అత్తయ్యకు చెబుతోంది. నేను పిడి మీద రెండు చేతులతో నిలబడే ఉన్నాను. రోజుకు ఎన్నిసార్లు మడమలెత్తి ఆ పిండి డబ్బా దించుతానో, దించినప్పుడల్లా ఎవరిని తలుచుకుంటానో ఆ పైవాడికే తెలుసు. కిందికి మార్చమని ఆయన ఒక్కసారైనా చెప్పి ఉండకూడదా. చెప్పాడేమో. దర్జీ గొంతుతో చెబుతాడని నేను అనుకోలేదేమో. వచ్చి మళ్ళీ పడుకున్నాను.

వచ్చింది, ఇదిగో, చెప్పకుండా వచ్చే మనిషిలా ఒంట్లో మంట. ముందు గుండెల మధ్య చిన్న నిప్పురవ్వ, తర్వాత మెడ, చెవులు, నెత్తి, పొయ్యిలోకి తొంగిచూసినట్టు ముఖమంతా. మామూలుగా ఈ సమయంలో చేతిలో ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకుని ఈదుతాను, పళ్ళు బిగపట్టి గిన్నె ఇంకా గట్టిగా తోముతాను, ఎవరో ఒకరి మీద అరుస్తాను. ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదు. నర్సమ్మ చెప్పినట్టు ఊపిరి నెమ్మదిగా వదిలాను. తెర అంచు కొంచెం ఊగుతోంది, ఆ గాలి ఎక్కడిదో ఇక్కడిదాకా వస్తోంది. ఎప్పుడూ దీని నుంచి పారిపోవడమే గాని, ఇది ఎంతదాకా వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో చూడలేదు నేను. నెత్తి దాకా వెళ్ళింది. ఆగింది. వెన్ను చల్లబడడం మొదలుపెట్టింది, చెమట మెడ పక్క నుంచి దిండులోకి దిగింది. అంతే. ఇంతేనా అనుకున్నాను. ప్రార్థన చేద్దామనిపించింది, నా ప్రార్థనలన్నీ పనిలోనే, తరుగుతూ, ఊడుస్తూ, పిల్లల కోసం, ఆయన పంపుల కోసం, అత్తయ్య కాళ్ళ కోసం. ఖాళీ చేతులతో ఏమడగాలో తెలియలేదు. నా మణికట్టు అని మొదలుపెట్టి ఆగాను, ఇంత పెద్ద లోకాన్ని నడిపేవాడిని పట్టుకుని ఒక మణికట్టు గురించి అడగడం బాగుంటుందా. కాని ఇచ్చింది ఆయనే కదా. ఇచ్చిన వస్తువును పాడు చేసుకుంటే ఇచ్చినవాడికి గౌరవమా? ఎవరైనా బట్ట బహుమతిస్తే చింపుకుని తిరుగుతామా? ఈ ప్రశ్న ఇంతకుముందు నాకు రాలేదు, వచ్చే తీరిక లేదు.

అవతల కుర్చీ ఈడ్చిన చప్పుడు. పని దొరక్క అక్క అత్తయ్య ముందు కూర్చున్నట్టుంది. ఆ గదిలో గోడలు పలచన, దగ్గితే వినబడుతుంది. గోడకు చెవులుంటాయంటారు, ఈ రోజు ఆ చెవులు నావే. అత్తయ్య గొంతు మామూలు కంటే తగ్గింది, చెవులు రిక్కించాను. మీ మెడల జట్టు ఏం మాట్లాడుకుంటారే అని అడిగింది. అక్క దాపరికం లేకుండా చెప్పింది.

“నాకూ వచ్చింది,” అంది అత్తయ్య. “ఎవరికి చెప్పను? మా ఆయనకు చెబితే కిటికీ తీసుకోమన్నాడు. ఒకనాడు ఊరికే, ఏమీ లేకుండా, చేతిలో గిన్నె విసిరికొట్టాను. దీనికి పిచ్చెక్కిందన్నారు. నిజమేనేమో అని నేనూ అనుకున్నా.”

అక్క ఏదో అంది, వినబడలేదు. అత్తయ్యే మళ్ళీ చెప్పింది, అప్పుడు ఈ అమ్మాయి కొత్తగా కాపురానికి వచ్చింది, ఒక్క మాట అడిగేది కాదు, పొద్దున్నే నా పక్క మీద తడి దుప్పటి తీసి పొడిది వేసి పోయేది, నేను నిద్రపోతున్నట్టు నటించేదాన్ని అంది. నేనా? గుర్తు చేసుకోవడానికి కళ్ళు మూసుకున్నాను. లేత పచ్చ దుప్పటి ఒకటి ఉండేది, అంచు చిరిగినది, అది ఎప్పుడూ తీగ మీదే ఆరేసి ఉండేది, అది గుర్తుంది. ఎందుకు తడిసేదో నాకు తెలియదు, ఎండాకాలం కదా అనుకున్నానేమో, తడిగా ఉంది కాబట్టి మార్చానంతే. ముప్పై ఏళ్ళు ఒక కప్పు కింద, ఒక పొయ్యి మీద ఇద్దరం, ఆమె ఆ మాట అనలేదు, నేను అడగలేదు. ఇలాంటివి మాట్లాడుకోవచ్చని మాకెవరూ చెప్పలేదు.

“చెయ్యి బాగు చేయించుకోదేం అది?” అని అడిగింది అత్తయ్య.

“మిమ్మల్నెవరు చూస్తారంటోంది పెద్దమ్మా.”

“నేను వద్దన్నానా?”

ఆ ప్రశ్న గోడ దాటి నా మంచం దాకా వచ్చి నిలబడింది. అనలేదు. వద్దని ఆమె ఎన్నడూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు, అసలు నేనెప్పుడడిగాను? ఆమె కాళ్ళను అడ్డం పెట్టుకుని నా భయాన్ని వెనక దాచుకున్నాను. మత్తిచ్చాక కళ్ళు తెరవనేమోనని భయం. తెరిచేసరికి నేను లేకుండానే ఇల్లు నడిచిపోతూ ఉంటుందేమోనని, ఇది ఇంకా పెద్ద భయం. ఇప్పుడు నడుస్తూనే ఉంది కదా. పిండి డబ్బా కింది అరలోకి వెళ్ళింది, అత్తయ్య ముప్పై ఏళ్ళ మాట ఒకటి బయటికొచ్చింది, ఆకాశం విరిగి పడలేదు. కొంచెం గుచ్చుకుంది, లేదనను. గుచ్చుకున్నచోటే హాయిగా కూడా ఉంది.

ఫోను మోగింది.

అది ఎవరిదో నాకు తెలుసు. అక్క తీసింది. అవునమ్మా, ఆవిడ ఫోనే, ఆవిడ ఉన్నారు గాని ఇప్పుడు రారు, ఏంటో నాతో చెప్పండి అంది. విన్నది. ఈ రోజేనా అంది. మళ్ళీ విన్నది. ఆమె గొంతు మారింది, నా కుతంత్రం ఆమెకు అందిపోయిందని ఆ మారడంలోనే తెలిసింది, దర్జీ కళ్ళకు లోపలి కుట్టు కనబడకుండా ఉంటుందా. ఎవరే అని అత్తయ్య అడిగింది, హాస్పిటల్ వాళ్ళు, వస్తుందా రాదా అని అడుగుతున్నారు, ఇప్పుడే చెప్పాలట అని అక్క చెప్పింది.

“వస్తుందని చెప్పు,” అంది అత్తయ్య.

“చెయ్యి ఆమెది పెద్దమ్మా. మాట కూడా ఆమెదే.”

ఒక్క నిమిషం ఆగండమ్మా అని ఫోనులో చెప్పి అక్క ఈ తలుపు వైపు నడిచింది. తలుపు కింద సందులోంచి వచ్చే వెలుతురు రెండు చోట్ల నల్లబడింది, ఆమె పాదాలు. తలుపు కొట్టలేదు, పిలవలేదు. పద్ధతి ఆమె పెట్టిందే, దాన్ని తను మీరదు. నిలబడిందంతే. ఇప్పుడు నేను చేయాల్సింది ఏమీ లేదు, ఏమీ చేయకుండా ఉంటే చాలు, నేను అనుకున్నట్టే తేదీ జారిపోతుంది, సాయంత్రం దీపం దగ్గర నీ చిత్తం అనేస్తాను. అన్నీ కుదిరాయి. వరసలో నా తర్వాత ఎవరో ఒకావిడ ఉంటుంది, పాపం ఆమెకు దొరుకుతుంది, అందులో పుణ్యం కూడా ఉంది. ఉందా? ఆమె వంతు ఆమెకు ఎలాగూ వస్తుంది. వంతులు పంచిపెట్టే పని నాకెవరిచ్చారు? ఎంతసేపటికీ నీ చిత్తం నీ చిత్తం అంటున్నాను, ఆయన కూడా తలుపు అవతల ఇలాగే పాదాలు కనబడేలా నిలబడి, కొట్టకుండా, తొయ్యకుండా, నీ మాటేమిటే అని ఎదురుచూస్తున్నాడేమో. నాకొక చిత్తం ఇచ్చినవాడు దాన్ని వాడుకుంటే ఎందుకు కోప్పడతాడు? చిటికెన వేలును ఎత్తి చూశాను. సగం లేచింది. ఇంకా లేస్తోంది.

“అక్కా,” అన్నాను పడుకునే. “ఆ తేదీ నాకే ఉంచమను. వస్తున్నానని చెప్పు.”

నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. గదిలోంచి, తలుపులోంచి, ఫోనులో ఉన్న ఆ గుమాస్తా అమ్మాయి దాకా వెళ్ళినట్టుంది, ఎందుకంటే అక్క, విన్నారుగా, ఆవిడే చెప్పింది, రాసుకోండి అంది. పాదాల నీడ కదలలేదు. తేదీని పైకి చదివింది, ఉదయం ఏమీ తినకుండా రావాలా, మాత్రల్లో ఏవి ఆపాలి, తోడు ఎంతమంది రావచ్చు, ముగ్గురు నలుగురు వస్తే కూర్చోవడానికి బల్ల ఉంటుందా, అన్నీ అడిగింది. ఎవరెవరు వస్తారో నన్ను అడగలేదు. ఫోను పెట్టేశాక తలుపు దగ్గరే నిలబడి, నీ గంటలో నోరు విప్పావు కాబట్టి దానికి పరిహారం ఇంకో పావుగంట, కదిలావంటే ఊరుకోను, నువ్వాడిన నాటకం సంగతి బయటికొచ్చాక మాట్లాడతాను అంది. తిట్టింది గాని గొంతులో తడి ఉంది. నేను సరే అని కూడా అనలేదు, అంటే ఇంకో పావుగంట వేస్తుంది.

లేవాలని ఈసారి కాళ్ళు కదలలేదు. భయం పోయిందనను, అది పక్కనే పడుకుని ఉంది, కాని మంచం ఇద్దరికీ సరిపోతోంది. అవతల అక్క లెక్కలు మొదలుపెట్టింది, పొద్దున పూట కండక్టరు, మధ్యాహ్నం తను, సాయంత్రం టీచరు, కట్టు మార్చడానికి నర్సమ్మ, రాత్రికి మీ అబ్బాయి నిద్రమొహం వేసుకుని కూర్చుంటే కుదరదు, మిమ్మల్ని ఎత్తి దించడం నేర్పిస్తాం అంటోంది. అత్తయ్య అన్నిటికీ ఊఁ కొడుతోంది. ఆ తర్వాత మధ్యలో ఆపి అడిగింది, కుడిచేతికి కట్టుంటే దానికి జడ ఎవరు వేస్తారు అని.

అక్క ఆ సంగతి ఆలోచించినట్టు లేదు. నేనూ ఆలోచించలేదు.

“కాళ్ళు పోయాయి గాని నా చేతులకేం వచ్చింది?” అంది అత్తయ్య. “నా కుర్చీ ముందు కూర్చోమను. నేనల్లుతాను.”

ఆమె నా జుట్టును ఎన్నడూ ముట్టుకోలేదు. ఎడమచేత్తో నా జడ వెతుక్కున్నాను, దిండు కింద చెమటకు తడిసి ఉంది, సగానికి పైగా తెల్లబడింది, చివర పలచబడింది, ఆమె చేతుల్లో ఎంతసేపు పడుతుందని. ఆ కుర్చీ ఎత్తు తక్కువ, దాని ముందు నేను కూర్చోవాలంటే నేల మీద కూర్చోలేను, మోకాళ్ళు ఒప్పుకోవు, చిన్న పీట కావాలి, మా ఇంట్లో లేదు. ఎవరింట్లోనో ఒకరింట్లో ఉంటుంది. బయటికెళ్ళాక అడగాలి.